ఇంగ్లండు కాలువగట్లమీద బైసికిలు విహారము

ఇంగ్లండు పోయివచ్చినవారు లండను మేడలను గూర్చియు, థేమ్సునదిమీది వంతెనలను గూర్చియు చెప్పుదురు. ఆ దేశపు పల్లెలనడుమ పూర్వులు త్రవ్విన కాలువలు నేటికిని నీటితో నిండియున్నవనియు, వాని గట్లవెంబడి మోటారుబండి రాదగని సన్నని బాటలు వందలకొలది మైళ్ళు సాగిపోవుచున్నవనియు చెప్పువారు తక్కువ. మాకును ఆ సంగతి మొన్నమొన్నటివఱకు తెలియదు. రెడింగు పట్టణమున మా మేనకోడలి యింట కొన్నినెలలు ఉండ తటస్థించినప్పుడు, "అత్తయ్యా, చిన్నప్పుడు మీరు సైకిలు తొక్కేవారట కదా, ఒకసారి కాలువగట్టుకు రండి" అని యామె పిలిచినది. ఏబదియేండ్లు దాటిన తరువాత మరల చక్రమెక్కుటకు మేము సిగ్గుపడితిమి. పట్టణపు వీథులలో త్రొక్కుమన్నచో ఒప్పుకొనియే యుండము. ఆ దేశమున మోటారుబండ్ల వడి చూచిన ఎంత ధైర్యముగల స్త్రీకైనను చేతులు వణకును. గట్టుమీద మోటారుబండి రాదన్న ఆ యొక్కమాటయే మమ్ము కదలించినది.

ఇట్లు కంకరబాటలమీదను, మట్టిదారులమీదను బైసికిలుపై పోవుటకు ఇటీవల అచ్చట "గ్రావెల్ బైకింగు" అని పేరు పెట్టినారు. గ్రావెల్ అనగా కంకర. పేరు క్రొత్తది, పని ప్రాతది. 1885లో కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ యనునాతడు రెండుచక్రములును ఇంచుమించు సమానముగా నుండు "రోవరు" బైసికిలును, 1888లో బెల్ఫాస్టున జాన్ బాయిడ్ డన్లప్ గాలిటైరును కల్పించిననాడు ఆ దేశపు పల్లెదారులు చాలవఱకు కంకరయు దుమ్మునే గదా! తారు పిమ్మట వచ్చినది. తారుబాటలు మోటారులపాలైన పిదప, 1955లో లెమ్‌స్టరు పట్టణపు పూటయింటిలో నలువదిమంది వఱకు కూడి, కొండదారులలోను ప్రాతబాటలలోను బైసికిలు నడపుటకై "రఫ్ స్టఫ్ ఫెలోషిప్" అను సంఘమును స్థాపించుకొనిరి. నేటి గ్రావెల్ బైకువారు వారి మనుమలవంటివారు.

ఈ బైసికిలు చూపునకు పందెపుబండివలెనే యుండును. హ్యాండిలు పొట్టేలికొమ్ములవలె క్రిందికి వంగియుండును. భేదమంతయు టైరులో నున్నది. ఇది ఒకటిన్నర, రెండంగుళముల వెడల్పుండును. దీనిలో గాలి తక్కువగా కొట్టుదురు. గట్టిగా గాలి నింపిన టైరు గులకరాయి తగిలినంతనే యెగిరిపడును. మెత్తని టైరు రాతిమీద తానే నొక్కుకొని, అదురును మనవఱకు రానీయదు. బురద యంటినను బ్రేకులు పట్టుటకై వానిని చక్రపు టంచున గాక, నడుమనున్న ఇనుపబిళ్ళమీద పట్టునట్లు అమర్చెదరు. ఇంతయు చెప్పి, ఇది లేనిదే గట్టుమీదికి పోరాదని మేమనము. వెల చాల హెచ్చు. తొలిసారి పోవువారికి, టైరు మరీ సన్ననిది కాకున్న, ఇంటిలో పడియున్న సైకిలే చాలును. మేమెక్కినది మా మేనకోడలు సంతకు పోవు సైకిలే.

ఆ బాట యెందులకు పుట్టినదో తెలిసినగాని దాని సుఖము తెలియదు. 1761లో బ్రిడ్జివాటరు ప్రభువు తన వర్స్లీ గనుల బొగ్గును మాంచెస్టరు నగరమునకు చేర్చుటకై త్రవ్వించిన కాలువ తెఱవబడినది. నగరమున బొగ్గువెల సగమునకు దిగెను. అది చూచి ధనవంతులు దేశమంతట కాలువలు త్రవ్వించిరి. గతుకులబాటమీద రెండుటన్నుల బండిని లాగలేక రొప్పు గుఱ్ఱము, నీటిమీద ఇరువదియైదు ముప్పది టన్నుల పడవను నెమ్మదిగా లాగుకొనిపోవును. ఆ గుఱ్ఱము నడచుటకై వేసిన బాటయే యిది. నీటికి మట్టము కావలెను గనుక, కొండ యెదురైనచో కాలువ చుట్టు తిరిగి పోవును. పల్లమెదురైనచో కట్టమీదుగా పోవును. గుఱ్ఱపు బాటయు దాని ప్రక్కనే నడచును. కావుననే గట్టున ఎత్తుపల్లములుండవు. లాకు వచ్చినచోట మాత్రము నాలుగడుగులు గట్టిగా త్రొక్కవలెను. మోకాళ్ళనొప్పులవారికి ఇంతకంటె దయగల దారి వేఱొకటి లేదు.

లాకనగా నేమో గోదావరి, కృష్ణా మండలముల సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన పిదప మన కాలువలలోను సరకుపడవలు నడచినవి. గట్టుమీద మనుష్యులే త్రాడు పట్టి లాగిరి. ఆ దినములలోనే "లాకు" అను ఇంగ్లీషుమాట మన నోటబడి మనదైపోయినది. ఇతర మండలములవారికొఱకు ఒక్కమాట: నీరు పల్లమెఱుగును, పడవ మిట్ట నెక్కవలెను. కాలువకు అడ్డముగా రెండు తలుపులు పెట్టి, వాని నడుమ పడవను నిలిపి, పైతలుపు తూములెత్తి నీరు నింపిన, పడవ తనంత తానే పైకి లేచును. ఇంగ్లండున ఈ తలుపులను పడవవాండ్రే తెఱచుకొనవలెను. అనగా చాలచోట్ల పడవవాని భార్యయే తెఱచుకొనవలెను.

ఆ స్త్రీల మాట మేము తొందరగా దాటిపోజాలము. రైళ్ళు వచ్చి కాలువలతో పోటీపడగా పడవకూలి పడిపోయినది. ఊరిలో ఇంటికి అద్దె యిచ్చి, పడవమీద వేఱొక మనిషికి కూలి యియ్యజాలక, సన్నపడవల సరంగులు భార్యాబిడ్డలను పడవమీదికే తెచ్చుకొనిరి. పడవ తోకన పదియడుగుల పొడవు, ఏడడుగులకు లోపు వెడల్పు గల గదియే యిల్లు. అందే పొయ్యి, అందే పడక, అందే పురుడు. ఆ యిఱుకులోనే ఇత్తడిసామానులు తళతళలాడ తోమి, లేసుతెరలు కట్టి, నీళ్ళడబ్బామీద గులాబీలను కోటలను చిత్రించుకొనిరి. ఇల్లాలు ఒకచేత బిడ్డను, ఒకచేత చుక్కానిని పట్టినది. పిల్లలకు మాత్రము చదువు లేదు. నేటికి ఒకయూరు, రేపటికి ఒకయూరు, బడి యెక్కడిది? 1877లోను, 1884లోను శాసనములు చేసిరి గాని పడవ ఆగనిదే బిడ్డ బడిలో కూర్చుండదు గదా.

రెండవ ప్రపంచయుద్ధకాలమున మగవారు చాలక, పట్టణములలో పెరిగిన యువతులను పడవపనికి తీసికొనిరి. ముగ్గురేసి యువతులు రెండేసి పడవలను కలిపి నడపుచు, లండను రేవునుండి బర్మింగుహామువైపు సరకు చేర్చి, తిరిగివచ్చుచు కవెంట్రీ ప్రాంతపు గనులవద్ద బొగ్గు నింపుకొని వచ్చెడివారు. వారి బిళ్ళమీద లోతట్టు జలమార్గములను తెలుపు ఇంగ్లీషక్షరములు రెండుండెను. చూచినవారు వానిని "ఐడిల్ విమెన్", అనగా పనిలేని యాడువారు, అని చదివి నవ్వుకొనిరి. చలికి చేతులు పగిలి, తడిసిన మోకులు లాగి, ఏబదిటన్నుల బరువును మోసికొనిపోవువారికి ఆ పేరు! ఆ కాలువమీదనే, స్టోక్ బ్రూర్ను అను గ్రామపు లాకువద్ద, సిస్టరు మేరీ వార్డు అను దాది తన యింటనే మందులుంచుకొని ఏండ్లతరబడి పడవకుటుంబములకు చికిత్స చేసినది. 1951లో ఆమెకు బ్రిటిషు ఎంపైరు పతకము నిచ్చిరి. ఆ లాకునకు సమీపమున కాలువ బ్లిస్‌వర్తు కొండను దొలిచికొని 3,076 గజములు సొరంగమున పోవును. సొరంగమున గట్టుబాట లేదు. పూర్వము గుఱ్ఱమును విప్పి కొండమీదుగా నడిపించుకొని పోవుచుండగా, పడవవాండ్రు వెల్లకిల పరుండి గోడలను కాళ్ళతో తన్నుచు పడవను నడపిరి. నేటి బైసికిలువాడు గుఱ్ఱము పోయిన దారినే కొండమీదుగా పోవును.

మేము పోయినది ఆ కాలువ కాదు, కెన్నెట్టు–ఏవను కాలువ. జాన్ రెన్నీ యనునింజనీరు పర్యవేక్షణలో నిర్మితమై 1810లో పూర్తియైనది. రెడింగునుండి బ్రిస్టలువఱకు నదులతో గూడ ఈ జలమార్గము 87 మైళ్ళు. 1841లో లండనునుండి బ్రిస్టలునకు రైలుమార్గము పూర్తి కాగానే కాలువకు దుర్దశ పట్టినది. 1852లో రైలుకంపెనీయే దానిని కొన్నది. పోటీదారుని చేతబడిన ఆస్తి యెట్లు వృద్ధిపొందును? ఇరువదవశతాబ్ది నడుమకు లాకులు చివికి, నీరు ఇంకి, తుంగ మొలచినది. దానిని మూసివేయుదురని తెలిసి, 1956లో ఇరువదివేలకు పైబడిన సంతకములతో రాణిగారికి మహజరు పంపిరి. పిదప సామాన్యజనులు సెలవుదినములలో పారలు పట్టుకొని వచ్చి బురద యెత్తిరి, తలుపులు మార్చిరి. 1990 ఆగస్టులో ఎలిజబెత్తురాణి మరల దానిని తెఱచెను. 2012 నుండి ఇంగ్లండు, వేల్సులలోని రెండువేల మైళ్ళ జలమార్గములను కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అను ధర్మసంస్థ చూచుచున్నది.

జూనునెలలో ఒక ఉదయమున రైలులో బైసికిళ్ళను ఎక్కించుకొని ప్యూజీ యను చిన్నయూర దిగితిమి. (బైసికిలుకు రైలులో చోటు ముందుగా కోరియుంచుకొనుట మంచిది, లేనిచో మనకు చోటుండి బండికి లేకపోవచ్చును.) అచ్చటినుండి డివైజెసు వఱకు పండ్రెండు మైళ్ళ దూరమున ఒక్కలాకైనను లేదు. నీరు అద్దమువలె నిలిచియుండును. ఈ భాగమున బాట మోటుది. గడ్డి మోకాలివఱకు పెరిగి, చెట్లవేళ్ళు పైకి తేలియున్నవి. మొదటి గంట మేము చక్రమునకు ముందు మూరెడు నేలను దప్ప మఱేమియు చూడలేదు. ఎడమకాలువ, కుడిముళ్ళపొద, ఏవైపు పడిన మేలోయని లెక్కించుకొనుచు పోయితిమి. మా మేనకోడలు వెనుకనుండి, "ముందు దూరంగా చూడండి అత్తయ్యా, బండి అదే పోతుంది" అనినది. అట్లు తలయెత్తిన తరువాతనే కొండవాలున సుద్దనేలలో 1812లో చెక్కిన తెల్లగుఱ్ఱపు బొమ్మ మాకు కనబడినది. హంసలు పిల్లలతో ఎదురువచ్చినవి. తల్లిహంస మాకంటె తానే ఆ బాటకు హక్కుదారునట్లు మెడచాచి బుసకొట్టగా మేమే దిగి నిలిచితిమి.

రాత్రి డివైజెసులో ఉండి మఱునాడు కేన్ హిల్లు చూచితిమి. రెండుమైళ్ళలో 29 లాకులు. 237 అడుగుల దిగుడు. నడుమ 16 లాకులు ఒకదాని క్రింద నొకటి తిన్నగా మెట్లవలె దిగిపోవును. ప్రతిలాకు ప్రక్కను నీటినిలువకై చెఱువువంటి మడుగున్నది. పడవ ఈ మెట్లన్నియు దాటుటకు ఐదాఱు గంటలు పట్టును. లాకు తలుపుమ్రానును వీపుతో నెట్టుచున్న ఒక వృద్ధదంపతులను చూచితిమి. ఆమె నెట్టుచుండెను, ఆయన చుక్కాని పట్టి సలహాలు చెప్పుచుండెను. అన్నిదేశములును ఒక్కటే యని మా మేనకోడలు నవ్వినది.

బ్రాడ్‌ఫర్డు అను ఊరు దాటినపిమ్మట బాట మెత్తని రాతిపొడితో చక్కబడినది. దానితో మాకు ధైర్యమును హెచ్చినది, వడియు హెచ్చినది. ఏవన్‌క్లిఫ్‌వద్ద కాలువయే వంతెనమీదుగా నదిని దాటును. నడిమి కమాను కట్టిన కొలదికాలమునకే క్రుంగినదట, ఆ వంపు నేటికిని కనబడును. అది చూచు సంతోషమున, దానిని దాటినపిదప ఒక మలుపులో ముందు నడచుచున్న వృద్ధురాలిని సమీపించిన పిమ్మటగాని గంట కొట్టమైతిమి. ఆమె తుళ్ళిపడి, తన కుక్కను గుండెకు హత్తుకొని పొదలోనికి ఒదిగినది. చేయి కొంచెము గీసికొనిపోయినది. మేము దిగి క్షమాపణ చెప్పుకొంటిమి. ఆమె కోపపడలేదు, కోపపడినను బాగుండెడిది. తాను చిన్నదిగానున్నప్పుడు ఈ భాగమున కాలువ గండిపడి నీరే లేదనియు, అడుగున గడ్డిలో నడచి ఆడుకొన్నామనియు, నీరు మరల వచ్చిననాడు చూడ వచ్చితిననియు చెప్పినది. "నాకు చెవులు సరిగా వినపడవు, వారమునకు మూడుదినములు ఈ బాటకు వచ్చుట తప్ప వేఱు విహారము లేదు. మీరు రండు, కాని మెల్లగా రండు" అని మాత్రము అన్నది. మోటారులకు భయపడి గట్టెక్కిన మేము, ఆమెకు మోటారు వలెనే యైతిమి గదా అని మాకు తలకొట్టినట్లైనది. అటనుండి బాత్ నగరము వఱకు మనిషి కనబడినప్పుడెల్ల బండి దిగియో, నడకవడికి తగ్గించియో పోయితిమి. గంటసేపు ఆలస్యమైనది.

ఇది మా యొక్కరి తప్పు గాదు; ఆ బాటలపై నిత్యము నడచుచున్న తగవు. బాట రెండుమూడు గజముల వెడల్పుండదు. నడచువారు, కుక్కలవారు, పొడవైన గాలపుకఱ్ఱలు అడ్డముగా చాచి చేపలు పట్టువారు, పడవలలోనే కాపురముండి గట్టున కట్టెలు పేర్చుకొనువారు, వీరందఱి నడుమ పందెమునకు పోవునట్లు త్రొక్కువారును ఉన్నారు. నడచువారికే ముందుహక్కని ట్రస్టువారు బోర్డులు పెట్టినారు. గట్టుబాటలలో పెక్కింట బైసికిలునకు హక్కు లేదు, అనుమతి మాత్రమే. ఒకప్పుడు దానికి కాగితము తీసికొనవలసియుండెను. పొలములలోని గుఱ్ఱపుబాటల సంగతి వేఱు. 1968 నాటి గ్రామసీమల శాసనము వానిలో బైసికిలు పోవచ్చునని హక్కిచ్చినది. కాని గుఱ్ఱపువారికిని నడచువారికిని దారి యియ్యవలెనని అందే వ్రాసినది. కాలిబాటలలో ఆ హక్కు లేదు. సర్వేపటమున ఏది గుఱ్ఱపుబాటయో ఏది కాలిబాటయో గుర్తులు వేఱువేఱుగా నుండును, బయలుదేరకముందే చూచుకొనవలెను.

బలముగల యువతులకు ఆ గుఱ్ఱపుబాటలలో గొప్ప ప్రయాణములున్నవి. వించెస్టరునుండి ఈస్టుబోర్నువఱకు నూఱుమైళ్ళ సౌత్ డౌన్సు బాట యంతయు బైసికిలుపై పోదగినది. రిడ్జివే యను 87 మైళ్ళ ప్రాచీనమార్గమున పడమటి సగము అట్టిదే. అఫింగ్టనువద్ద మూడువేల యేండ్లనాటి తెల్లగుఱ్ఱము దానిచెంతనే యున్నది. వీనిని కలుపుచు 2020లో "కింగ్ ఆల్ఫ్రెడ్సు వే" అని వించెస్టరునుండి బయలుదేరి వించెస్టరునకే వచ్చు 220 మైళ్ళ చుట్టుదారిని ఏర్పఱచిరి. సుద్దనేల వానకు తడిసిన సబ్బువలె జారును. మేము ఆ మిట్టలను రైలుకిటికీనుండి చూచి నమస్కరించితిమి.

దుస్తులమాట చెప్పక తప్పదు. చీరతో ఈ బాటలకు పోరాదు. కుచ్చెళ్ళు గొలుసులో పడిన మనిషి కాలువలో పడును. మేము చుడీదారు తొడిగి, ఓణీని ఇంటనే విడిచిపోయితిమి. ఇంగ్లీషు స్త్రీలకు ఈపాటి స్వేచ్ఛ ఊరక రాలేదు. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టను అను ప్రభుపత్ని లాగు ధరించి బైసికిలుపై సర్రీ ప్రాంతపు ఓకం గ్రామమునకు పోయి భోజనమడుగగా, సత్రపు యజమానురాలు ఆ వేషముతో కాఫీగదికి రానీయక, పనివాండ్రు త్రాగుచున్న గదికి పొమ్మనెను. సైకిలు ప్రయాణికుల సంఘమువారు మఱుసటియేట వ్యాజ్యము వేసిరి. జూరీవారు యజమానురాలి పక్షముననే తీర్పిచ్చిరి! నలువదియేండ్లు తిరుగకముందే, 1938లో, బిల్లీ ఫ్లెమింగు అను యువతి సంవత్సరమంతయు ఒక్కనాడును మానక బైసికిలు త్రొక్కి 29,603 మైళ్ళు పోయినది. ఆమెను ఏ పూటయింటివారును లాగు సంగతి అడిగియుండరు.

ఒక సంగతి దాచరాదు. పట్టణములచెంత సంధ్యవేళ గట్టుబాట నిర్జనమగును; వంతెనలక్రింద చీకటి. మా మేనకోడలు ఒంటరిగా ఆ వేళ పోదు, ఆమె స్నేహితురాండ్రును పోరు. పగటివేళ ఇద్దఱు కలిసి పోవుటయే మేలు. మేనుండి సెప్టెంబరువఱకు మంచి కాలము. చలికాలమున బురద ఇరుసు వఱకు వచ్చును. వంతెనల రాళ్ళంచులయందు పూర్వపు మోకులు ఒరసిన గాడులు వ్రేలు పట్టునంత లోతుగా నుండును. దిగి తాకి చూడవలెను.

బాత్ చేరుటకు ముందు డండాసు వంతెనమీద 1805 నాటి రాతికమానులపైని కాలువయు, క్రింద ఏవను నదియు, రైలుపట్టాలును ఒక్కచోట చూచితిమి. క్లావర్టను వద్ద నదిప్రవాహమే చక్రమును త్రిప్పి, ఆ నదినీటినే 48 అడుగులు పైకెత్తి కాలువలో పోయుటకు 1813లో అమర్చిన యంత్రమున్నది. ముల్లును ముల్లుతోనే తీసినట్లు. సిడ్నీ తోటలో 1800 సంవత్సరపు ఇనుపవంతెనక్రిందుగా పోయి, నాలుగుగంటలకు రైలుస్టేషను చేరితిమి. మా మోకాళ్ళు బాగుగనే యున్నవి. అఱచేతులు మాత్రము బొబ్బలెక్కినవి. మఱునాడు పెఱటిలో బైసికిళ్ళు కడుగుచు మా మేనకోడలు, వచ్చే వేసవికి స్టోక్ బ్రూర్ను పోదమనియు, ఈసారి పెద్దశబ్దము చేయు గంటను కొందమనియు అన్నది. గంట పెద్దదైన చాలదు, దూరమునుండియే కొట్టవలెనని మేమంటిమి. ఆ వృద్ధురాలికి చెవులు వినబడవు గదా, దిగి నడచుటయే మేలని చివర కిద్దఱమును ఒప్పుకొంటిమి.